రెండు కాళ్ళూ లేచాయి

మా అబ్బాయి గాలిలోకి లేచిన ప్రతిసారీ ఉయారక్ అవ్వ గోడవైపు తిరిగి కూర్చునేది. బడి ఆటల గదిలో ఊరు ఊరంతా బారులు తీరి గొంతు చించుకుంటుంటే, ఆవిడ మాత్రం కుర్చీని వెనక్కి తిప్పుకుని, ఒళ్ళో కుట్టుపని పెట్టుకుని, టోపీ చెవుల మీదికి లాక్కునేది. నాలుగేళ్ళు ఇదే తంతు. నాకు ఒళ్ళు మండిపోయేది. మిగతా ముసలమ్మలు తమ మనవలు బోర్లా పడినా ఈలలు వేసేవాళ్ళు. మా వాడు రెండు పాదాలూ జతచేసి ఎగిరి, తన తలకంటే ఎత్తున వేలాడే తోలుబంతిని తన్ని, మళ్ళీ ఆ రెండు పాదాల మీదే తొణక్కుండా దిగినా సరే, ఈవిడగారు చూసేది గోడని.

"ఏం అవ్వా, గోడకేమైనా బహుమతి ఇస్తున్నారా?" అని ఒకసారి అడిగేశాను. నా నోరు అంతే, పట్టుకుంటే ఆగేది కాదు.

"గోడ ఎగరదుగా లెనోరా," అంది. అక్కడితో సరి. మళ్ళీ సూది, దారం, తన లోకం తనది.

ఆవిడ మాకు రక్తసంబంధం కాదు. కానీ మా వాణ్ణి అన్నా అని పిలిచేది. డెబ్భై అయిదేళ్ళ ముసలావిడ పదిహేనేళ్ళ కుర్రాడి వెంటపడి "అన్నా, తిన్నావా? అన్నా, చేతొడుగులేవీ?" అని అడుగుతుంటే ఉత్తర ధ్రువపు మంచు ఒడ్డునున్న మా ఊరు ఇమ్నాక్‌లో ఎవరికీ వింతగా ఉండదు. పోయినవాళ్ళ పేరు పుట్టినవాళ్ళకి పెట్టామంటే, పోయిన మనిషి తిరిగి వచ్చినట్టే మాకు. వరసలు కూడా ఆ పేరుతోనే వస్తాయి. మా ఎదురింటి విల్మా తన నాలుగేళ్ళ మనవరాలిని అత్తయ్యా అంటుంది. ఆ పిల్ల "పులుసు చల్లారిపోయింది" అని మూతి ముడిస్తే విల్మా ఇప్పటికీ గడగడలాడుతుంది. మా వాడికి ఉయారక్ అవ్వ వాళ్ళ అన్న పేరు పెట్టాం. బడి రిజిస్టరులో వెస్లీ, ఊరికి మాత్రం సవిక్.

ఆ పేరు వెనక ఒక కథ ఉంది. మంచి కథేమీ కాదు.

అరవై ఆరేళ్ళ కిందటి మాట. అప్పట్లో రేడియోలు లేవు. వసంతంలో తిమింగలాల వేటకి వెళ్ళిన పడవ కొండ మలుపు అవతల ఎక్కడో నీళ్ళలో ఉంటే, ఊరికి కబురు అందించడానికి ఒక చురుకైన కుర్రాణ్ణి సముద్రపు మంచు అంచున నిలబెట్టేవాళ్ళు. మా ఊరి సైగలు రెండే. ఒంటికాలితో పైకి తంతూ ఎగిరితే తిమింగలం పడింది, కత్తులూ బళ్ళూ తీసుకుని రండి అని. రెండు కాళ్ళూ జతగా ఎత్తి ఎగిరితే ఆపద, పడవ తీసుకుని రండి అని. పక్క ఊళ్ళ సైగలు వేరేగా ఉండేవట, అది వాళ్ళ గొడవ. ఇప్పుడు ఆ ఎగురుళ్ళన్నీ బడిలో ఆటలైపోయాయి. ఏ కాలు లేస్తే ఏమని అర్థమో ముసలివాళ్ళు తప్ప ఎవరూ పట్టించుకోరు.

ఆ రోజు మంచు అంచున నిలబడింది పదహారేళ్ళ సవిక్. ఊరివాళ్ళంతా ఎవరి పనుల్లో వాళ్ళుంటే, ఇంటి మట్టికప్పు మీదికెక్కి వాణ్ణే చూస్తూ కూర్చుంది తొమ్మిదేళ్ళ చెల్లెలు ఉయారక్. ఆ పిల్లే దూకి పరిగెత్తుకొచ్చి "ఒంటికాలు! తిమింగలం పడింది!" అని ఇల్లిల్లూ తిరిగి అరిచింది. జనమంతా కత్తులూ, మంచుబళ్ళూ, వంటపాత్రలూ పట్టుకుని పరుగు తీశారు. వెళ్ళేసరికి వాడు నిలబడిన మేర మంచు విడిపోయి నల్లటి నీళ్ళు కనబడుతున్నాయి. సవిక్ లేడు. వెనక్కి వచ్చి పడవ మోసుకెళ్ళేలోపు పొగమంచు దిగిపోయింది. సాయంత్రం వేటపడవ తిరిగొచ్చింది. "తిమింగలమేమిటి? మేము ఈటె కూడా విసరలేదే!" అన్నారు వాళ్ళు.

దాంతో పెద్దలు తీర్పు చెప్పేశారు. కుర్రాడు సరదాకి అబద్ధపు సైగ ఇచ్చాడు, సముద్రం ఊరుకోలేదు అని. ఆ తర్వాత రెండు వసంతాలు తిమింగలాలు మా వైపే రాలేదు. ఆ పస్తులన్నీ కూడా వాడి నెత్తినే రుద్దారు. యాభై ఒక్క ఏళ్ళు ఆ పేరు ఎవరూ ఏ బిడ్డకీ పెట్టలేదు. మాలో పేరు పెట్టకపోవడమంటే మనిషిని బయట మంచులో వదిలేసి తలుపు గడియ పెట్టుకోవడమే.

మా వాడు పుట్టిన మూడో రోజు ఉయారక్ అవ్వ మా గుమ్మంలోకి వచ్చి నిలబడింది. కోటు మీద మంచు దులుపుకోలేదు. కూర్చోమంటే కూర్చోలేదు.

"వీడికి మా అన్న పేరు పెట్టు," అంది.

పొయ్యి దగ్గరున్న మా అత్తగారు గరిటె వదిలేసింది. "ఆ పేరా! ఊళ్ళో ఇంకే పేర్లూ దొరకలేదా ఉయారక్?"

కబురు తెలిసి అమోస్ తాత ఇంటికొచ్చి మరీ చెప్పాడు. ఆయన వేటపడవకి నాయకుడు, ఊళ్ళో ఆయన మాటకి ఎదురు లేదు. "అమ్మాయ్, అబద్ధాలకోరు పేరు పెడితే నీ కొడుక్కి అబద్ధాలే అబ్బుతాయి, ఆలోచించుకో," అన్నాడు. అప్పటిదాకా నేనూ అటూ ఇటూ ఊగుతున్నాను. ఆ మాటతో నాకు తిక్క పుట్టింది. "అయితే సవికే," అనేశాను. ఉయారక్ అవ్వ పసివాణ్ణి చేతుల్లోకి తీసుకుని చెవి దగ్గర నోరు పెట్టి ఏదో అడిగింది. వాడు నిద్రలో ఉన్నాడు. ఆవిడ జవాబు కోసమన్నట్టు చాలాసేపు వాడి మొహంలోకే చూసింది. ముసలితనం, చాదస్తం అనుకున్నాను నేను.

ఆవిడ పని పడవలకి తోలు కుట్టడం. గడ్డాలున్న సీల్ జంతువుల తోళ్ళు ఆరేడు కలిపి, దుప్పి వీపు నరంతో కుట్టి, చెక్క చట్రం మీద బిగిస్తేనే వేటపడవ. సూది తోలు మందంలో సగందాకా వెళ్ళి పైకి రావాలి. అవతలికి పొడుచుకొచ్చిందా, నీళ్ళు దిగుతాయి. మేము పదిమంది ఆడవాళ్ళం చుట్టూ కూర్చుని కుడుతుంటే ఆవిడ వేలితో తడుముతూ తిరిగేది. నా కుట్టు ఎన్నిసార్లు విప్పించిందో చెప్పలేను. "ఇందులో మనిషి కూర్చుంటాడే, బంగాళాదుంపలు కాదు," అనేది. నలభై ఏళ్ళలో ఆవిడ కుట్టిన పడవ ఒక్కటీ కారలేదు. భర్త ఈనోక్ బతికున్నప్పుడు ఆ మాట చెప్పుకుని మురిసిపోయేవాడట. పిల్లల్లేరు వాళ్ళకి.

ఇవి కాక ఆవిడకి ఒక పిచ్చి ఉండేది. ఒడ్డున చెక్క దన్ను మీద ఒక చిన్న తోలుపడవ. ఇప్పుడు తిమింగలాల వేటకి తప్ప అందరికీ అల్యూమినియం పడవలు, ఇంజన్లు ఉన్నాయి కదా, దాన్ని ఎవరూ ముట్టరు. ఈవిడ మాత్రం రెండేళ్ళకోసారి ఆ పడవకి కొత్త తోలు వేసేది. తోళ్ళ కోసం వేటగాళ్ళ ఇళ్ళ చుట్టూ తిరిగి బతిమాలుకునేది. చలికాలమంతా పొద్దున్నే పార పట్టుకెళ్ళి దాని మీద మంచు తోసేది. కుర్రాళ్ళు దాని మీద వలలు ఆరేస్తే బూతులు తిట్టేది. "ఎందుకు అవ్వా ఈ చాకిరీ, ఎవరెక్కుతారు దాన్ని?" అంటే, "సిద్ధంగా ఉండాలి," అనేది.

ఇంకొకటి. మా ఊళ్ళో పుట్టి తిమింగలం మక్తాక్ తినని మనిషి ఆవిడొక్కతే. ఆ నల్లతోలూ తెల్లకొవ్వూ కలిసిన ముక్క కోసం మేము వాళ్ళనీ వీళ్ళనీ తోసుకుంటూ పోతాం. ఆవిడ ముక్క తీసుకుని, మొదటి ముక్క ఎప్పుడూ మా వాడి నోట్లో పెట్టి, మిగతాది పంచేసేది. "కడుపుకి పడదు," అనేది. మాకూ నమ్మకం కుదిరింది.

మా వాడికి పదకొండేళ్ళప్పుడు ఆటల మాస్టారు ఈ రెండు కాళ్ళ ఎగురుడు నేర్పడం మొదలుపెట్టాడు. ఆ సంగతి తెలిసిన రోజున అవ్వ బడికి వెళ్ళి ఆయన మీద విరుచుకుపడింది. "ఒంటికాలిది నేర్పుకో. ఇది వద్దు. వీడికి వద్దు," అని. పాపం ఆయన పిల్లాడి మోకాళ్ళ కోసం భయపడుతోందనుకుని, పరుపు ఇంకా మందంగా వేయించాడు. అంతకు ఏడాది ముందు వరకు మా వాడు కూడా ఆవిణ్ణి వరస ప్రకారం చెల్లీ అనేవాడు. బడిలో పిల్లలు "నీ చెల్లెలికి పళ్ళున్నాయా?" అని ఏడిపించారు. సిగ్గుపడి మానేశాడు. అవ్వా అనడం మొదలుపెట్టాడు. ఆవిడ ఏమీ అనలేదు కానీ, ఆ రోజు ఆవిడ మొహం నాకు గుర్తుంది.

మొన్న మార్చిలో ఉత్తర ధ్రువం దగ్గరి ఊళ్ళ పిల్లలందరికీ జరిగే శీతాకాలపు ఆటలకి మా ఊరి నుంచి ఇద్దరు వెళ్ళారు. మా వాడు, విల్మా తమ్ముడి కూతురు బెర్నిస్. బయల్దేరే ముందు వాడు అవ్వ దగ్గరికి వెళ్తే నేనూ వెళ్ళాను.

"అవ్వా, గెలిచి వస్తే ఊరి విందులో ఎగరమంటారు. ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి, నావైపు తిరిగి కూర్చుంటావా?"

ఆవిడ వాడి చేతొడుగుల తాడు మెడ వెనక ముడివేస్తోంది. "ముందు నువ్వు తిరిగి రా అన్నా," అంది. వేసిన ముడినే విప్పి మళ్ళీ వేసింది. నేను చూశాను, చూసి కూడా పట్టించుకోలేదు.

వాడు బంగారు పతకం గెలిచాడు. బెర్నిస్ కర్ర లాగే పందెంలో కంచు పతకం గెలిచింది. కబురు రాగానే ఊళ్ళో కుక్కలు కూడా నిద్రపోలేదు. మా ఆయన నెలలో సగం రోజులు నూనె బావుల దగ్గరే ఉంటాడు, అక్కడినుంచే ఫోన్లో ఏడ్చాడు. తుపాను వల్ల విమానం రెండు రోజులు ఆలస్యమైంది. ఆ రెండు రోజులూ ఊరి విందుశాలలో వంటలే వంటలు. దుప్పి పులుసు, ఎండుచేపలు, నూనెలో వేయించిన రొట్టెలు, పళ్ళు కలిపి గిలక్కొట్టిన కొవ్వు. పిల్లలు పాత దుప్పటి మీద ఎర్ర రంగుతో సవిక్, బెర్నిస్ అని మనిషంత అక్షరాలు రాసి గోడకి కట్టారు.

అమోస్ తాత కర్ర మీద ఆనుకుని ఆ అక్షరాలు చూశాడు. "ఆ పేరు ఈ గోడ మీద చూస్తాననుకోలేదు. ఈసారైనా నిజం సైగ చేస్తాడేమోలే," అన్నాడు. హాస్యానికే అన్నాడు. ఇద్దరు ముగ్గురు నవ్వారు కూడా.

ఉయారక్ అవ్వ బల్ల దగ్గర అర్ధచంద్రపు కత్తితో మాంసం కోస్తోంది. కత్తి ఆగింది. నోరు తెరిచింది. నేను ఎదురుగానే ఉన్నాను, ఏదో చెప్పబోతోందని స్పష్టంగా తెలిసింది. మళ్ళీ మూసేసింది. కత్తి తుడిచి పక్కన పెట్టి, పార తీసుకుని ఒడ్డుకి వెళ్ళిపోయింది, పడవ మీద మంచు తోయడానికి. అంతకు గంట ముందే తోసి వచ్చింది.

మూడో రోజు మధ్యాహ్నం విమానం వచ్చింది. విమానాలకి ఎదురెళ్ళి సామాన్లు దింపించడమే నా ఉద్యోగం. పంకాలు ఆగేదాకా ఒక్కరు కూడా రన్‌వే మీదికి రాకూడదని అందరినీ అగ్నిమాపక బండి వెనకాలే ఆపాను. నా కొడుకే వస్తున్నా రూలు రూలే. మంచుస్కూటర్లు బారులు తీరాయి, హారన్లు మోగుతున్నాయి. ఉయారక్ అవ్వని తోళ్ళలో చుట్టి నా స్కూటరు వెనక కట్టిన బండిలో కూర్చోబెట్టాను. కావాలనే విమానం వైపు మొహం ఉండేలా కూర్చోబెట్టాను. ఇవాళ ఎలా తప్పించుకుంటుందో చూద్దామనుకున్నాను. ఆ పాపం నాదే.

గాలికి మోకాలెత్తున పొడిమంచు కొట్టుకుపోతోంది. నేల కనబడటం లేదు. రన్‌వే అంతా కదులుతున్న సముద్రంలా ఉంది. ఎండ విమానం వెనకనుంచి పడుతోంది. ఆ చివర తలుపు తెరుచుకుని ఒక చిన్న నల్లటి ఆకారం దిగింది. నా కొడుకు. వాడు నడవలేదు. మావైపు పది అడుగులు పరిగెత్తి, ఆగి, రెండు కాళ్ళూ జతచేసి గాలిలోకి లేచాడు. పాదాలు తలకంటే పైకి వెళ్ళాయి. దిగి మళ్ళీ లేచాడు. మళ్ళీ. చూశావా, గెలిచాను అని చెప్పడం అది, పిల్లాడి సంబరం. జనం కేకలతో రన్‌వే దద్దరిల్లింది.

ఆ కేకల్లోంచి ఒక గొంతు పైకి లేచింది. చిన్నపిల్ల గొంతు. తొమ్మిదేళ్ళ పిల్ల ఎవరో భయపడి అరుస్తోందనుకుని వెనక్కి తిరిగాను. ఉయారక్ అవ్వ బండిలో లేచి నిలబడి ఉంది.

"రెండు కాళ్ళూ! నాన్నా, రెండు కాళ్ళూ లేచాయి! ఒకటి కాదు! పడవ! పడవ తియ్యండి!"

ఒక్కొక్క హారనే ఆగిపోయింది. ఆవిడ బండి దిగి పరుగు తీసింది. విమానం వైపు కాదు, ఒడ్డు వైపు. డెబ్భై అయిదేళ్ళ మనిషి, మోకాళ్ళు వంగని మనిషి, పడుతూ లేస్తూ "పడవ, పడవ" అని అరుస్తూ పరిగెత్తింది. నేను వెళ్ళేసరికి చేతొడుగులు లేని చేతులతో ఆ చిన్న పడవ తాళ్ళు విప్పుతోంది. వేళ్ళనుంచి రక్తం.

"అవ్వా, వాడు బాగానే ఉన్నాడు! అదిగో వస్తున్నాడు! నీకేమయింది?" అని గట్టిగా పట్టుకున్నాను. విదిలించుకుంది. ఊరంతా మా చుట్టూ చేరింది. అమోస్ తాత కూడా వగరుస్తూ వచ్చాడు. జనాన్ని తోసుకుని మా వాడు వచ్చాడు, మెడలో పతకం అటూ ఇటూ కొట్టుకుంటోంది. వాణ్ణి చూడగానే ఆవిడ చేతులు ఆగిపోయాయి. పడవ అంచు పట్టుకుని మంచులో కూలబడింది.

"నేను అబద్ధం చెప్పాను," అంది. అది మళ్ళీ ముసలి గొంతే.

"ఏం అబద్ధం ఉయారక్?" అన్నాడు అమోస్ తాత.

"ఒంటికాలు కాదు. అన్న రెండు కాళ్ళూ ఎత్తాడు. నేను చూశాను. బాగా చూశాను. కానీ తిమింగలం పడితే బాగుండునని ఉంది నాకు. మొదట కబురు తెచ్చిన పిల్లకి మొదటి ముక్క పెడతారు కదా. మూడు రోజులనుంచి ఎండుచేపే తింటున్నాం. ఆ ముక్క నాకే కావాలనిపించింది. ఒంటికాలు అని అరిచేశాను. అరుస్తుంటే అదే నిజమనిపించింది."

పడవ అంచు వదలకుండానే ఆవిడ మళ్ళీ అందుకుంది.

"రాత్రి నాన్న నా భుజాలు పట్టుకుని అడిగాడు. ఒకటా, రెండా? మూడుసార్లు అడిగాడు. ఒకటి అన్నాను. మూడుసార్లూ ఒకటే అన్నాను. పొద్దున్నకి అందరూ అన్నని అబద్ధాలకోరు అన్నారు. నేను రొట్టె తింటూ విన్నాను."

నిజం చెప్పొద్దూ, నాకు జాలి కంటే ముందు కోపమే వచ్చింది. ఆవిడ అన్నకి పడ్డ మచ్చని నా బిడ్డ పదిహేనేళ్ళు మోశాడు. ప్రతి విందులో ఎవడో ఒకడు ఆ పాత మాట ఎత్తేవాడు, వాడు తల వంచుకునేవాడు. ఒక్క మాటతో తీసేయగలిగిన మచ్చ అది. ఆవిడ పక్కనే కూర్చుని కుట్టుకుంటూ ఉండిపోయింది.

అమోస్ తాత నాకంటే ముందే పేలాడు. "అరవై ఆరేళ్ళా! ఇంత మాట కడుపులో పెట్టుకుని ఎలా బతికావే? మా నాన్న చచ్చేదాకా వాణ్ణి తిట్టాడు. నన్నూ తిట్టనిచ్చావు. మొన్న కూడా నవ్వులాడాను, నోరు మూసుకుని విన్నావు!"

"విన్నాను," అంది ఆవిడ.

ఆయన టోపీ తీసేశాడు. ఆ గాలిలో తెల్లజుట్టు ఎగురుతుంటే మా వాడి ముందుకొచ్చి నిలబడ్డాడు. "సవిక్, నువ్వు సరిగ్గానే చెప్పావు. మేమే పడవ తేలేదు," అన్నాడు. పదిహేనేళ్ళ కుర్రాడికి అంత పెద్దాయన అలా టోపీ తీసి నిలబడితే ఏం చెయ్యాలో తెలుస్తుందా? మా వాడు పతకం చొక్కాలోకి తోసేసుకుని నావైపు చూశాడు.

ఉయారక్ అవ్వ ఇంకా అయిపోలేదన్నట్టు తల ఊపింది. వాడి పాదాల వైపే చూస్తూ మాట్లాడింది.

"ఇంకొకటి ఉంది అన్నా. అది ఎవరికీ చెప్పలేదు. నువ్వు ఎగురుతుంటే నేను కప్పు మీదనుంచి చెయ్యి ఊపాను. నాకు అర్థమయింది, చెబుతాను అన్నట్టు ఊపాను. నువ్వు ఎగరడం ఆపేశావు. నువ్వూ చెయ్యి ఊపి, అక్కడే మంచు మీద కూర్చున్నావు. పడవ వస్తుందని కూర్చున్నావు. నేను ఊపకపోతే ఆ మంచు చీలిక దాటి ఇవతలికి దూకేవాడివేమో. అప్పటికింకా నీళ్ళు సన్నగానే ఉన్నాయేమో. నన్ను నమ్మి కూర్చున్నావు."

అప్పుడు నాకు తెలిసింది, మూడు రోజుల పసివాడి చెవిలో ఆవిడ ఏం అడిగిందో. మళ్ళీ అదే అడిగింది.

"ఎంతసేపు కూర్చున్నావు అన్నా?"

ఏరా, ఏదో ఒకటి చెప్పరా, ఊరుకోకురా అని లోపల్లోపల మొత్తుకుంటున్నాను. మా వాడు మంచులో ఆవిడ ఎదురుగా కూర్చున్నాడు. తన చేతొడుగులు తీసి, రక్తం కారుతున్న ఆ వేళ్ళకి ఒక్కొక్కటీ తొడిగాడు.

"ఇందాకటిదాకా, చెల్లీ," అన్నాడు. "ఇందాక పడవ అని అరిచావుగా. వినబడింది. లేచి వచ్చేశాను."

ఆవిడ ఏడ్చిన ఏడుపు నేను ఇంకెక్కడా వినలేదు. వినకూడదు కూడా. అమోస్ తాత టోపీ పెట్టుకోవడం మర్చిపోయి అలాగే నిలబడ్డాడు. తర్వాత వాణ్ణి అడిగాను, ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందిరా అని. "ఏమోనమ్మా, నేను అనాలనుకోలేదు," అన్నాడు. ఇంక తవ్వలేదు నేను. కొన్ని తవ్వకూడదు.

సాయంత్రం విందు జరిగింది. అమోస్ తాత మక్తాక్ గిన్నెలోంచి మొదటి ముక్క కోసి, రెండు చేతులతో పట్టుకెళ్ళి గోడ మీద సవిక్ అన్న అక్షరాల కింద పెట్టాడు. రెండో ముక్క ఉయారక్ అవ్వకి ఇచ్చాడు. ఆవిడ చేతిలో పట్టుకుని చూస్తూ కూర్చుంది. తినలేదు. పారెయ్యనూ లేదు.

తర్వాత తోలుబంతి వేలాడదీశారు. ఆవిడ తనంతట తనే కుర్చీ ఇటు తిప్పుకుంది. మా వాడు దాన్ని గమనించి రెండు క్షణాలు ఆగాడు, ఆ తర్వాత ఎగిరాడు. రెండు పాదాలూ బంతిని తాకాయి. గది అదిరిపోయింది. నేను వాణ్ణి చూడలేదు, ఆవిణ్ణి చూశాను. ఆవిడ బంతినీ చూడటం లేదు, వాణ్ణీ చూడటం లేదు. వాడు దిగబోయే చోట నేలని చూస్తోంది. ముందుకు వంగి, కళ్ళార్పకుండా, ఆ చెక్కపలకలు పగులుతాయేమోనని చూస్తోంది.

వాడు దిగాడు.

"నిలిచింది," అంది నెమ్మదిగా, నాకు మాత్రమే వినబడేలా.

బంతిని ఇంకా పైకి కట్టారు. వాడు మళ్ళీ లేచాడు. ఆవిడ మళ్ళీ నేల వైపు వంగింది, మక్తాక్ ముక్క చేతిలోనే ఉంది. దిగిన ప్రతిసారీ ఆవిడ ఆ ఒక్క మాటే అంటూ వచ్చింది. కాసేపటికి నేనూ బంతిని వదిలేసి నేలనే చూడటం మొదలుపెట్టాను.